కంటి ఒత్తిడి 26 అన్నారు.. హార్మోన్ల వల్లేనా?

ప్రశ్న: నా వయసు 51. నెలసరి ఆగిపోయి రెండేళ్లయింది. కళ్లజోడు మార్పించుకుందామని వెళ్తే రెండు కళ్లలోనూ ఒత్తిడి 26 ఉందన్నారు. మా నాన్నగారికి నీటికాసులు (గ్లాకోమా) ఉండేవి. ఎనిమిది నెలలుగా కనురెప్పల దురదకు మందుల షాపులో ఇచ్చిన ఆయింట్‌మెంట్ రాస్తున్నాను. హార్మోన్లు తగ్గడం వల్లే ఒత్తిడి పెరిగిందా? – ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: హార్మోన్లకు, కంటి ఒత్తిడికి సంబంధం ఉన్న మాట నిజమే. కానీ మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది నెలసరి కాదు, చివర్లో మామూలుగా రాసేసిన ఆ ఆయింట్‌మెంట్.

కంటి ముందు భాగంలో ఒక పలుచని ద్రవం నిరంతరం ఊరుతూ, నల్లగుడ్డు అంచున ఉండే సన్నని జల్లెడ లాంటి కణజాలం గుండా బయటికి పోతూ ఉంటుంది. నిమిషానికి రెండు మూడు మైక్రోలీటర్లే ఊరినా, గంటన్నర రెండు గంటల్లో ఆ ద్రవమంతా మారిపోతుంది. ఊరేదానికీ పోయేదానికీ పొత్తు కుదిరినంతకాలం ఒత్తిడి సాధారణంగా 10 నుంచి 21 పాదరస మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. ఈ ఊటను పెంచేవాటిలో అడ్రినలిన్ అనే హార్మోన్ ముఖ్యమైనది. నిద్రలో దాని ప్రభావం తగ్గడం వల్ల ఊట దాదాపు సగానికి పడిపోతుంది. నీటికాసులకు వాడే టిమోలాల్ చుక్కలు ఆ ప్రభావాన్ని అడ్డుకునే ఊటను తగ్గిస్తాయి. అవి పగలు బాగా పనిచేసి రాత్రి అంతగా పనిచేయకపోవడానికి కారణం ఇదే. (ఆస్తమా ఉన్నవాళ్లు ఆ చుక్కలు వాడకూడదు. మీకు ఉంటే డాక్టర్‌కు ముందే చెప్పండి.) ఈస్ట్రోజెన్ తగ్గాక ఒత్తిడి కొద్దిగా పెరగవచ్చు, గర్భిణుల్లో ఒత్తిడి కాస్త తగ్గడం కూడా హార్మోన్ల ప్రభావమే. అయితే ఇవి సాధారణంగా ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాలు మాత్రమే కాబట్టి, మీ 26కు నెలసరి ఆగిపోవడం ఒక్కటే కారణమని నేను అనుకోను.

ఇక కార్టిసాల్. మన అడ్రినల్ గ్రంథులు తయారుచేసే ఈ హార్మోన్‌కు నకళ్లే బీటామెథాసోన్, డెక్సామెథాసోన్, క్లోబెటసాల్ వంటి స్టిరాయిడ్ మందులు. దురదకు అడిగి తెచ్చుకునే ట్యూబుల్లో ఇవి తరచూ ఉంటాయి. రెప్ప చర్మం మన ఒంటిలోకెల్లా పలుచన. అక్కడ రాసిన మందు సులువుగా లోపలికి ఇంకుతుంది, కొంత కంట్లోకే జారుతుంది. కొందరిలో ఈ స్టిరాయిడ్ వల్ల ఆ జల్లెడ బిగుసుకుపోయి ద్రవం బయటికి పోవడం మందగిస్తుంది. నాన్నగారికి నీటికాసులు ఉన్న మీలాంటివారిలో ఇలా జరిగే అవకాశం మరింత ఎక్కువ. నొప్పి, ఎరుపు ఏవీ ఉండవు కాబట్టి మనిషికి తెలియదు. ఈలోగా కంటి నరం దెబ్బతింటే పోయిన చూపు తిరిగి రాదు.

ట్యూబ్ మీద పేరు చదవండి. పైన చెప్పిన మందుల్లో ఏదున్నా రాయడం ఆపి, ఈ వారంలోనే కంటి డాక్టర్ దగ్గరకు వెళ్లండి. దురదకు వేరే మందు వాళ్లే ఇస్తారు. (కీళ్లకో, ఆయాసానికో స్టిరాయిడ్ మాత్రలు వేసుకుంటుంటే మాత్రం వాటిని మీ అంతట మీరు ఆపకండి.) కంటి నరం పరీక్ష, విజువల్ ఫీల్డ్ (చూపు పక్కలకు ఎంత మేర అందుతుందో చూసే పరీక్ష), కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మందం చూడకుండా 26 అనే ఒక్క అంకెతో మీకు నీటికాసులు ఉన్నాయని గానీ లేవని గానీ తేల్చలేం. ఒత్తిడి పూటపూటకూ మారుతుంది, చాలామందిలో తెల్లవారుజామున ఎక్కువ. అందుకని ఒకసారి ఉదయాన్నే, మరోసారి సాయంత్రం కొలిపించుకోండి. స్టిరాయిడే కారణమైతే, మానేసిన కొన్ని వారాల్లో ఒత్తిడి దిగడం మామూలు. దిగకపోతే చుక్కలు మొదలుపెడతారు. వెళ్లేటప్పుడు ఆ ట్యూబు, ఇంట్లో వాడే చుక్కలు, ఇన్‌హేలర్, ముఖానికి రాసే క్రీములు అన్నీ ఒక కవర్లో వేసుకెళ్లి డాక్టర్ బల్ల మీద పెట్టండి.