సుధ అప్లికేషన్‌కి పెదనాన్న దిద్దుబాట్లు

చి. సుధకు ఆశీస్సులు.

నీ పీహెచ్‌డీ అప్లికేషన్ రెండుసార్లు చదివాను. "చిన్నప్పటి నుంచీ లెక్కలంటే ప్రాణం" అన్న మొదటి వాక్యం కొట్టేశాను. అప్లై చేసేవాళ్ళందరికీ ప్రాణమేనమ్మా.

ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ అన్న ముక్కని ఎక్కడో చివర్న దాచావు, ఎంచడం, పేర్చడం గురించిన లెక్కలు చేసే కాంబినేటరిక్స్ వాళ్ళు చిన్నచూపు చూస్తారని కాబోలు. దాన్ని పైకి తీసుకురా. కాంబినేటరిక్స్‌లో పెద్ద పేరున్న ఆర్.సి. బోస్ అసలు జామెట్రీ మనిషి. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించిన మహలనోబిస్ 1932లో ఆయన్ని కలకత్తాలో స్టాటిస్టిక్స్‌లోకి లాగారు. పొలంలో ఏ మడికి ఏ ఎరువు వేస్తే పోలిక సరిగ్గా తేలుతుంది అనే రకం ప్రశ్నలే ఆయన్ని, అడ్డంగా నిలువుగా ప్రతి వరసలో ప్రతి గుర్తూ ఒక్కసారే వచ్చే లాటిన్ చదరాల దాకా తీసుకెళ్ళాయి. మన వాల్తేరులో లెక్కలు చదివి అక్కడికే వెళ్ళిన సి.ఆర్. రావుగారి ఆర్తోగొనల్ ఎర్రేలదీ, అంటే ఏ రెండు నిలువు వరసలు తీసుకున్నా గుర్తుల జతలన్నీ సమానంగా వచ్చే పట్టికలదీ, అదే దారి.

ఇక రీసెర్చ్ ఇంట్రెస్ట్స్. గ్రాఫులు, రామ్సే, డిజైన్లు, కోడింగ్ అని నాలుగు పేర్లు పేర్చావు. నేనూ ఒకప్పుడు అలాగే రాసి ఇంటర్వ్యూకి వెళ్ళాను. ఆరుగురున్న గదిలో ఒకరికొకరు తెలిసిన ముగ్గురో, ఒకరికొకరు బొత్తిగా తెలియని ముగ్గురో తప్పకుండా ఉంటారని చూపించమన్నారు. ఎంత గజిబిజిలోనైనా ఏదో ఒక క్రమం తప్పదని చెప్పే రామ్సే సిద్ధాంతంలో మొదటి మెట్టు అది. చాక్‌పీసు పట్టుకుని నిలబడ్డాను, అంతే. తిరుగు బస్సులో తట్టింది: ఒకణ్ణి పట్టుకుంటే మిగతా ఐదుగురిలో కనీసం ముగ్గురు అతనికి తెలిసినవాళ్ళో, తెలియనివాళ్ళో అవుతారు. అక్కణ్ణుంచి రెండు లైన్ల పని!

అందుకని ఒక్క సమస్యే రాయి. పోయిన సంక్రాంతికి పేకముక్కలు ముందేసుకు కూర్చున్నావే, అది. ఆసులు, రాజులు, రాణులు, జాకీలు, మొత్తం పదహారు ముక్కలు నాలుగు వరసల్లో. అడ్డంగా చూసినా నిలువుగా చూసినా ప్రతి వరసలో నాలుగు రకాలూ రావాలి, ఇస్పేటు, ఆఠీను, డైమండు, కళావరు నాలుగూ రావాలి. రెండు లాటిన్ చదరాలు ఒకదాని మీద ఒకటి పెట్టినట్టే అది. గంటలో పేర్చేశావు. తర్వాత ఆరు వరసలకి చీటీలు రాసుకుని, అర్ధరాత్రి "కుదరట్లేదు పెదనాన్నా" అన్నావు. కుదరదు మరి. 1901లో టారీ అనే ఫ్రెంచాయన చేత్తోనే అన్నీ సరిచూసి తేల్చాడు. పదికీ కుదరదని 1782లో ఆయిలర్ ఊహించాడు. 1959లో బోస్, శ్రీఖండే, పార్కర్ పదికి పేర్చి చూపించారు, అది వార్తాపత్రికలో మొదటి పేజీకెక్కింది.

నువ్వు ఆరు దగ్గర ఎక్కడ ఇరుక్కున్నావో అదీ రాయి, సిగ్గుపడకు. గైడ్ పేరు వేసేముందు ఆయన ఈమధ్య రాసిన పేపరొకటి తెరిచి, నీకు అర్థంకాని మొదటి లైను కింద గీత గీసుకో. అడిగితే అక్కణ్ణుంచి మాట్లాడొచ్చు.

మంగళవారంలోగా మళ్ళీ పంపు. ఆ చీటీలు పారేయలేదు కదా?

పెదనాన్న