పాఠకుల ప్రశ్నలు, జవాబులు: ఇంక్‌జెట్ ముద్రణకు పూత కాగితం

ఫొటోలు, బొమ్మలు సొంతంగా ముద్రించుకునే పాఠకుల నుంచి కాగితం గురించి వచ్చిన ఉత్తరాలలో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాము. ఒకే సందేహం పలువురు అడిగిన చోట వాటిని ఒక ప్రశ్నగా కలిపాము.

ప్రశ్న: పుస్తకాల ముద్రణకు వాడే ఆర్ట్ పేపర్ కొంత నా దగ్గర మిగిలి ఉంది. నున్నగా, తెల్లగా ఉంది కదా అని ఇంక్‌జెట్ ప్రింటర్‌లో పెట్టి ఫొటో ముద్రిస్తే ఇంకు మడుగులు కట్టింది. గంట గడిచినా వేలికి అంటుతూనే ఉంది. లోపం ఇంకులో ఉన్నదా, ప్రింటర్‌లో ఉన్నదా?

జవాబు: రెండింటిలోనూ లేదు. ఆర్ట్ పేపర్‌కు పూత ఉన్న మాట నిజమే గాని, అది ఆఫ్‌సెట్ ముద్రణను దృష్టిలో పెట్టుకుని వేసిన పూత. కెయొలిన్ మట్టిని, కాల్షియం కార్బొనేట్‌ను లేటెక్స్ బంకతో కలిపి పూసి, రోలర్ల మధ్య నొక్కి నునుపు చేస్తారు. ఆఫ్‌సెట్ ఇంకు నూనెతో తయారైన చిక్కని ముద్ద కనుక పలచని పొరగా అంటుకుని, కొంత ఇంకి, కొంత గాలికి గట్టిపడి ఆరుతుంది. ఇంక్‌జెట్ ఇంకులో అధిక భాగం నీరు. నాజిళ్లలో ఎండిపోకుండా దానికి గ్లిసరిన్, గ్లైకాల్ వంటివి కలుపుతారు. ఇవి అంత త్వరగా ఆవిరి కావు. రంగు పదార్థం ఉండేది కొద్ది శాతమే. అంటే దట్టమైన రంగు ఉన్న చోట ప్రింటర్ కాగితం మీద పోస్తున్నది ముఖ్యంగా నీళ్లే, ఆ నీళ్లను తీసుకునే దారి ఆర్ట్ పేపర్ పూతలో లేదు. మీ ఫొటో మడుగు కట్టడానికి కారణం ఇదే.

పూత లేని జిరాక్సు కాగితంతో వచ్చే చిక్కు దీనికి సరిగ్గా వ్యతిరేకమైనది. ఫొటో ప్రింటర్ వదిలే బొట్టు 2 నుంచి 4 పికోలీటర్లు ఉంటుంది. ఒక మిల్లీలీటరులో 100 కోట్ల పికోలీటర్లు ఉంటాయి కనుక ఆ బొట్టు వ్యాసం 15 నుంచి 20 మైక్రాన్లకు మించదు. కాగితంలోని ఒక్కొక్క నారపోగు వెడల్పే ఇంచుమించు అంత, లేదా అంతకంటే ఎక్కువ. అంత చిన్న బొట్టు నార మీద పడగానే పోగు వెంబడి పాకిపోతుంది. నల్లని అక్షరం అంచును భూతద్దంతో చూడండి, గీతకు రెండు వైపులా సన్నని వెంట్రుకల వంటి చారలు కనిపిస్తాయి. రంగు కూడా నారల లోతుకు దిగిపోవడం వల్ల నలుపు బూడిద రంగుగా, ఎరుపు వెలసినట్టుగా కనిపిస్తుంది. మంచి ఇంక్‌జెట్ పూత చేసే పని ఒక్కటే: రంగును పైనే నిలిపి, నీటిని కిందికి పంపడం. ఈ పేజీలోని మిగతా ప్రశ్నలన్నీ ఏదో ఒక విధంగా ఆ పనికి సంబంధించినవే.

ప్రశ్న: ఫొటో పేపర్ ప్యాకెట్ల మీద ‘మైక్రోపోరస్’, ‘ఇన్‌స్టంట్ డ్రై’ అని రాసి ఉంటుంది. ఆ పూతలో నిజంగా ఏముంటుంది?

జవాబు: చాలా వరకు సిలికా ఉంటుంది. కొన్ని కాగితాలలో దానికి బదులు అల్యూమినా హైడ్రేట్ వాడతారు. ఈ పొడి రేణువులను పాలీవినైల్ ఆల్కహాల్ అనే బంకతో కలిపి పూస్తారు. బంక పాళ్లు తక్కువగా ఉంచుతారు గనుక ఆరిన తరవాత రేణువుల మధ్య లెక్కలేనన్ని ఖాళీలు మిగులుతాయి. బొట్టు పడిన వెంటనే ఆ సన్నని దారులు నీటిని లోపలికి లాగేసుకుంటాయి. ప్రింటర్ నుంచి వస్తూనే కాగితం పొడిగా తగలడానికి కారణం అది. నీరు నిజానికి ఇంకా ఆరలేదు, లోపలికి దిగింది, అంతే. బంక ఎక్కువైతే ఖాళీలు పూడిపోతాయి, తక్కువైతే పూత పొడి పొడిగా రాలుతుంది. చవక రకం మ్యాట్ కాగితాన్ని నల్ల గుడ్డతో రుద్దితే తెల్లటి పొడి అంటడం మీరు చూసే ఉంటారు.

మెరుపు ఉండడం, లేకపోవడం కూడా రేణువు పరిమాణం మీదే ఆధారపడుతుంది. మ్యాట్ కాగితాలకు కొన్ని మైక్రాన్ల పరిమాణం గల ముతక సిలికా వాడతారు. అది కాంతిని అన్ని వైపులకూ చెదరగొడుతుంది కనుక మెరుపు రాదు. గ్లాసీ పూతలోని రేణువులు, వాటి మధ్య ఖాళీలు కాంతి తరంగదైర్ఘ్యం కంటే, అంటే సుమారు 400 నానోమీటర్ల కంటే, బాగా చిన్నవి. అందుచేత పూత ఇంచుమించు పారదర్శకంగా ఉండి, అందులో చిక్కిన రంగు మసకబారకుండా బయటికి కనిపిస్తుంది. ఒకే ఇంకుతో ముద్రించినా గ్లాసీ కాగితం మీద నలుపు మరింత నల్లగా ఉండడానికి ఇది ముఖ్యమైన కారణం.

ఇక రంగును పట్టి ఉంచే సంగతి. ఇంక్‌జెట్‌లో వాడే డైలు, అంటే నీటిలో కరిగే రంగులు, సాధారణంగా ఋణావేశం గలవి. సిలికా ఉపరితలం కూడా సహజంగా ఋణావేశం గలదే కాబట్టి, రెండింటినీ వాటి మానాన వదిలితే డై నీటితో పాటు జారిపోతుంది. అందుకని పూతలో ధనావేశం గల పాలిమర్లను కలుపుతారు. బట్టల అద్దకంలో పటిక ఏ పని చేస్తుందో ఇక్కడ ఇవి ఆ పని చేస్తాయి. అల్యూమినా హైడ్రేట్‌కు ధనావేశం స్వతహాగానే ఉంటుంది. తడి చేయి తగిలితే రంగు కారిపోయే కాగితాలలో తరచుగా కొరత పడేది ఈ పట్టే.

మరొక రకం పూత కూడా ఉంది. జిలాటిన్ లేదా పాలీవినైల్ ఆల్కహాల్ వంటి, నీటికి ఉబ్బే పాలిమర్ పొర అది. ఇంకు తగలగానే ఉబ్బి, రంగును లోపలికి తీసుకుని, మళ్లీ ఆరి మూసుకుంటుంది. ఆరడానికి ఎక్కువ సేపు పడుతుంది, తడికి తట్టుకోదు. దీని మేలు ఏమిటో ఫొటోలు వెలిసిపోవడం గురించిన ప్రశ్నలో చెబుతాము.

ప్రశ్న: ఎక్కువ జిఎస్ఎం ఉన్న కాగితం కొంటే ముద్రణ నాణ్యత పెరుగుతుందా?

జవాబు: పెరగదు. జిఎస్ఎం అంటే ఒక చదరపు మీటరు కాగితం గ్రాములలో ఎంత తూగుతుందో చెప్పే అంకె మాత్రమే. 250 జిఎస్ఎం కాగితం చేతికి దిటవుగా తగులుతుంది, ఫ్రేములో వంగకుండా నిలుస్తుంది. రంగు నాణ్యతను నిర్ణయించేది ఆ బరువులో కొద్ది పాలు మాత్రమే ఉండే పూత. చూడవలసింది పూత కింద ఉన్న ఆధారం. చవక గ్లాసీ కాగితాలలో పూత నేరుగా మామూలు కాగితం మీదే ఉంటుంది. దట్టంగా ముద్రిస్తే నీరు కింది నారకు చేరి కాగితం అలలు అలలుగా లేస్తుంది. ఆర్‌సి అని పిలిచే అసలు ఫొటో పేపర్‌లో కాగితాన్ని రెండు పాలిఎథిలిన్ పొరల మధ్య మూసి, దాని మీద పూత వేస్తారు. నీరు ఆ ప్లాస్టిక్ పొర దాటదు కనుక కాగితం చదునుగానే ఉంటుంది. అయితే ఇంకు మొత్తాన్నీ పూతే ఇముడ్చుకోవాలి, అందువల్ల పూత మందంగా ఉండాలి, ధర పెరిగేది కూడా అక్కడే. ప్యాకెట్ మీది ‘ప్రీమియం’, ‘అల్ట్రా’ అన్న విశేషణాల కంటే ‘ఆర్‌సి’ అన్న రెండు అక్షరాలు చాలా ఎక్కువ చెబుతాయి.

ప్రశ్న: మ్యాట్ కాగితానికి పూత ఏ వైపు ఉందో తెలియడం లేదు. ఎలా గుర్తు పట్టాలి?

జవాబు: వేలి కొసను కొద్దిగా తడి చేసి కాగితం మూలన రెండు వైపులా తాకి చూడండి. వేలు పట్టుకున్నట్టు అనిపించే వైపు పూత ఉన్నట్టు. ముద్రించే మధ్య భాగాన్ని మాత్రం చేతితో తాకవద్దు, చర్మం మీది జిడ్డు పడిన చోట ఇంకు సమంగా ఇంకదు.

ప్రశ్న: నా ప్రింటర్‌లో పిగ్మెంట్ ఇంకు ఉంది. గ్లాసీ కాగితం మీద నల్లని భాగాలను పక్కనుంచి చూస్తే కంచు రంగు మెరుపు కనిపిస్తోంది. కాగితం మార్చాలా?

జవాబు: డై నీటిలో కరిగిపోయి పూత లోపలికి దిగుతుంది. పిగ్మెంట్ కరగదు, అది నీటిలో తేలాడే ఘన రేణువు. గ్లాసీ పూతలోని రంధ్రాలు ఆ రేణువు కంటే చిన్నవి కాబట్టి నీరు కిందికి పోయి పిగ్మెంట్ పైనే మిగిలిపోతుంది. ఇంకు ఎక్కువగా పడిన చోట ఒక రకం మెరుపు, అసలు పడని తెల్లటి చోట మరొక రకం మెరుపు ఉంటాయి. ఏటవాలుగా చూసినప్పుడు మీకు కనిపించే కంచు ఛాయ కూడా ఈ పైపొర వల్ల వచ్చేదే. కొన్ని ప్రింటర్లలో ఇందుకోసం రంగులేని ఇంకు ఒకటి ప్రత్యేకంగా ఉంటుంది, అది ఖాళీ భాగాలను కూడా కప్పి మెరుపును సమం చేస్తుంది. మీ ప్రింటర్‌లో అది లేకపోతే సాటిన్ లేదా లస్టర్ అనే అర్ధమెరుపు కాగితాన్ని వాడండి. మా అభిప్రాయంలో పిగ్మెంట్ ఇంకుకు అన్నిటికంటే తగినది మ్యాట్ కాగితమే, కాకపోతే రెండు రకాల నలుపు ఉన్న ప్రింటర్లలో దానికి ఫొటో బ్లాక్ కాక మ్యాట్ బ్లాక్ ఎంచుకోవాలి. ఉబ్బే పూత గల కాగితం పిగ్మెంట్‌కు పనికిరాదు. రేణువులు లోపలికి పోలేక పైనే నిలిచి, గీస్తే లేచివస్తాయి.

ప్రశ్న: కాగితం ఖరీదైనదే కొన్నాను. అయినా ముఖాలు పచ్చటి ఛాయతో వస్తున్నాయి, నీడ భాగాలన్నీ కలిసిపోయి నల్లగా ఉన్నాయి.

జవాబు: ప్రింటర్ సెట్టింగులలో కాగితం రకం ‘ప్లెయిన్ పేపర్’ అనే ఉందేమో ముందు చూడండి. ఆ ఎంపిక వట్టి పేరు కాదు. ఎంత ఇంకు పోయాలి, ఏ రంగులను ఏ పాళ్లలో కలపాలి, కొన్ని ప్రింటర్లలో హెడ్డు కాగితానికి ఎంత ఎత్తున ఉండాలి అన్నవన్నీ దానిని బట్టే మారతాయి. ప్రింటర్ తయారీదారు కాగితం కాక వేరేది వాడుతూ ఉంటే, ఆ కాగితం అమ్మేవారు మీ ప్రింటర్ మోడల్‌కు ఐసిసి ప్రొఫైల్ (ఆ కాగితం మీద రంగులు సరిగా వచ్చేలా సవరించే ఫైలు) ఇస్తారేమో చూసి దానిని వాడండి. ప్రొఫైల్ పెట్టినప్పుడు డ్రైవర్‌లోని రంగుల సవరణను ఆపివేయాలి. లేకపోతే ఒకే సవరణ రెండు సార్లు జరిగి ఛాయ ఇంకా చెడుతుంది.

ప్రశ్న: ఒకే రోజున, ఒకే కాగితం మీద ముద్రించిన రెండు ఫొటోలలో ఆల్బంలోది కొత్తగానే ఉంది, గోడకు అంటించినది ఏడాది లోపే వెలిసింది. గోడ మీద ఎండ కూడా పడదు. కారణం ఏమిటి?

జవాబు: గాలే కారణం కావచ్చు. గాలిలో కొద్ది మోతాదులో ఉండే ఓజోన్ డైలను విరగ్గొడుతుంది. మైక్రోపోరస్ పూతలో నీరు దిగిన దారులు ముద్రణ తరవాత కూడా తెరుచుకునే ఉంటాయి, వాటి గుండా గాలి కూడా దిగుతుంది. త్వరగా ఆరే గుణానికి మనం చెల్లించే మూల్యం ఇది. తరచుగా ముందు దెబ్బతినేది సయాన్ రంగు. అది తగ్గితే ఫొటో అంతా ఎర్రబారినట్టు లేదా నారింజ ఛాయకు తిరిగినట్టు కనిపిస్తుంది. ఉబ్బే పూత ఆరిన తరవాత మూసుకుంటుంది కనుక డైను గాలి నుంచి మెరుగ్గా కాపాడుతుంది. పిగ్మెంట్ ఇంకుకు ఈ బాధ చాలా తక్కువ. డై ఇంకుతో ముద్రించినవాటిని గోడకు పెట్టదలిస్తే అద్దం ఉన్న ఫ్రేములో పెట్టండి.

అయితే ముద్రించిన వెంటనే అద్దం బిగించవద్దు. పైన చెప్పిన గ్లైకాల్ మెల్లగా ఆవిరవుతూ వచ్చి అద్దం లోపలి వైపు మసక పొరగా పడుతుంది. ముద్రణ మీద మామూలు కాగితం పరిచి ఒక రోజు పాటు ఉంచి, కాగితం ముడతలు పడితే మార్చి, ఆ తరవాత ఫ్రేము కట్టుకోవాలి. ఆల్బం కవర్లు పివిసివి కాకుండా పాలిప్రొపిలిన్ లేదా పాలియెస్టర్‌వి అయి ఉండాలి.

కాగితమే పసుపుబారడం వేరే సంగతి. మిరుమిట్లు గొలిపే తెలుపు కోసం చాలా కాగితాలలో కలిపే పదార్థాలు అతినీలలోహిత కిరణాలను పీల్చి నీలి కాంతిగా వెలువరిస్తాయి. కాలక్రమంలో అవి శక్తి కోల్పోతే కాగితం తన అసలు రంగు చూపిస్తుంది. ఏళ్ల తరబడి నిలవాలనుకునే బొమ్మలకు ఆ పదార్థాలు కలపని, ఆమ్లం లేని పత్తి కాగితాన్ని ఎంచుకోవడం మేలు. కొత్తలో అది కాస్త మీగడ రంగుగా కనిపిస్తుంది.

ప్రశ్న: మిగిలిన ఇంక్‌జెట్ ఫొటో పేపర్‌ను లేజర్ ప్రింటర్‌లో వాడుకోవచ్చా?

జవాబు: వాడకూడదు. లేజర్ ప్రింటర్‌లో టోనర్ పొడిని కాగితానికి అతికించే ఫ్యూజర్ సుమారు 180 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో పనిచేస్తుంది. ఆర్‌సి కాగితంలోని పాలిఎథిలిన్ అంతకు చాలా ముందే కరుగుతుంది. కరిగి రోలర్‌కు చుట్టుకుంటే ఫ్యూజర్‌నే మార్చవలసి రావచ్చు. లేజర్‌కు తగిన గ్లాసీ కాగితం విడిగా దొరుకుతుంది, ప్యాకెట్ మీద ఆ మాట స్పష్టంగా ఉంటేనే పెట్టండి. మిగిలిన ఇంక్‌జెట్ కాగితాన్ని దాని కవరులోనే గాలి చొరకుండా మూసి, తేమ లేని చోట పడుకోబెట్టి ఉంచితే తరవాత ఇంక్‌జెట్‌కే పనికి వస్తుంది.