ల్యాప్‌టాప్‌లో క్లౌడ్: మీద అనాలా, లో అనాలా, కింద అనాలా?

సందేహం: మేం బీటెక్ ఫైనలియర్ విద్యార్థులం. ఒక్క ల్యాప్‌టాప్‌లో నెస్టెడ్ వర్చువలైజేషన్‌తో, అంటే సాఫ్ట్‌వేర్‌తో తయారైన కంప్యూటర్ (వర్చువల్ మెషీన్) లోపల మరో అలాంటి కంప్యూటర్‌ను నడిపి, ప్రైవేట్ క్లౌడ్ కట్టడం మా ప్రాజెక్టు. దాని గురించి కాలేజీ సంచికకు తెలుగులో వ్యాసం రాస్తున్నాం. ‘గూడుకట్టిన మిథ్యాకరణ ద్వారా ప్రైవేటు మేఘ నిర్మాణం’ అని శీర్షిక పెడితే మా సార్‌కి నచ్చలేదు. ఇంగ్లిష్ మాటలే ఉంచితే ఇక తెలుగు ఎక్కడుందని స్నేహితులు అంటున్నారు. వ్యాసంలోని ఈ రెండు వాక్యాలు కూడా సరిచూడగలరు: ‘వర్చువల్ మెషీన్‌లో నెస్టెడ్ వర్చువలైజేషన్ ఎనేబుల్ చేయబడిన తరువాత అందులో ఓపెన్‌స్టాక్ ఇన్‌స్టాల్ చేయబడినది. దాని కింద మరొక వర్చువల్ మెషీన్ సృష్టించబడినది.’ (ఓపెన్‌స్టాక్ అంటే క్లౌడ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్.) వర్చువల్ మెషీన్లను తన మీద నడిపించే కంప్యూటర్‌ను హోస్ట్ అంటారు కదా, దాన్ని ‘అతిథేయి’ అనవచ్చా?

సమాధానం: మీ సార్ మాట నిజమే. గూడుకట్టడం అంటే మనకు పేరుకుని ఉండిపోవడం. దిగులు గూడుకట్టుకుంటుంది, అనుమానం గూడుకట్టుకుంటుంది. ఒకదానిలో ఒకటి ఇమడడం అనే అర్థం ఆ మాటకు రాదు. ‘మిథ్య’ కూడా ఇక్కడ పొసగదు. అద్దంలో కనిపించేదాన్ని హైస్కూల్ పాఠాల్లో మిథ్యా ప్రతిబింబం అంటాం, దాన్ని తెర మీద పట్టలేం కాబట్టి. వర్చువల్ మెషీన్ అలాంటిది కాదు. అది వాడుకున్న ర్యామ్ మీ ల్యాప్‌టాప్‌లో నిజంగానే తగ్గిపోతుంది. దానికో ఐపీ అడ్రస్ ఉంటుంది, దాని డిస్క్ నిండితే పని ఆగిపోతుంది. వర్చువల్, నెస్టెడ్, క్లౌడ్ అనే మూడింటినీ అలాగే ఉంచండి. మీ తరగతిలో అందరూ అనేవి ఆ మాటలే.

‘ప్రైవేటు’ విషయంలో మాత్రం ఒక చిక్కు ఉంది. ప్రైవేటు బస్సు, ప్రైవేటు కాలేజీ అని వినీ వినీ, ప్రభుత్వానిది కానిది అనే అర్థం ఆ మాటకు మన దగ్గర స్థిరపడింది. క్లౌడ్ విషయంలో ఆ అర్థం కుదరదు. ఒకే సంస్థ వాడకం కోసం కట్టినది ప్రైవేట్ క్లౌడ్. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2011లో ఇచ్చిన నిర్వచనం సారాంశం ఇదే. ఆ సంస్థ సర్కారుదైనా, కంపెనీదైనా తేడా లేదు. జెనీవా దగ్గరి సెర్న్ అనేక దేశాల ప్రభుత్వాలు కలిసి నడిపే పరిశోధన సంస్థ. అది 2013 నుంచి, మీరు వాడిన ఓపెన్‌స్టాక్‌తోనే తన ప్రైవేట్ క్లౌడ్‌ను నడుపుతోంది. అందుకని మీరు ‘సొంత క్లౌడ్’ అనండి. ‘సొంతానికి వాడుకున్నాడు’ అన్నప్పటి సొంతం ఇది. వ్యాసంలో ఒకచోట, దీన్నే ప్రైవేట్ క్లౌడ్ అంటారని చెబితే చాలు.

ఇక మీ స్నేహితుల ప్రశ్న. తెలుగు ఎక్కడుందంటే విభక్తుల్లో, వాటిలా పనిచేసే మీద, కింద, లోపల లాంటి చిన్న మాటల్లో, క్రియల్లో ఉంది. మీ వాక్యాలు అసలు దెబ్బతిన్నది అక్కడే.

మీ పని అమరికను ఒకసారి మాటల్లో పెట్టి చూద్దాం. అడుగున ల్యాప్‌టాప్. దాని లినక్స్‌లో కేవీఎం అనే హైపర్‌వైజర్, అంటే వర్చువల్ మెషీన్లను నడిపించే సాఫ్ట్‌వేర్. ఆ హైపర్‌వైజర్ మీద కొన్ని వర్చువల్ మెషీన్లు నడుస్తాయి. క్లౌడ్‌కు కావలసిన సర్వర్లన్నీ కొనే స్తోమత మీకు లేదు కాబట్టి ఆ మెషీన్లే సర్వర్లుగా నిలబడతాయి. వాటిలో ఓపెన్‌స్టాక్ ఉంటుంది. ఓపెన్‌స్టాక్‌లోని నోవా అనే భాగం, వాడేవాళ్లు అడిగినప్పుడల్లా మళ్లీ వర్చువల్ మెషీన్లను పుట్టిస్తుంది. అవి తగిన వేగంతో నడవాలంటే ఆ వర్చువల్ సర్వర్‌లో కూడా ఒక హైపర్‌వైజర్ పనిచేయాలి. నెస్టెడ్ అన్నది ఇందుకే.

ఈ సంబంధాన్నే ఇంగ్లిష్ పుస్తకాలు ఒకచోట ‘ఆన్’ అని, ఒకచోట ‘అండర్’ అని, మరోచోట ‘ఇన్‌సైడ్’ అని రాస్తాయి. వాళ్ల అలవాటు ప్రకారం మూడూ చెల్లుతాయి. మీరు ‘ఇన్‌సైడ్’ను ‘లో’ అని, ‘అండర్’ను ‘కింద’ అని దించుకున్నారు. దాంతో పై పొరలో ఉండాల్సిన మెషీన్ మీ రెండో వాక్యంలో అడుగున తేలింది. ‘మేస్త్రీ కింద పనిచేస్తున్నాడు’ అన్నట్టు అధికారం చెప్పడానికి తెలుగులోనూ ‘కింద’ ఉంది, నిజమే. కానీ పొరల గురించి రాస్తున్నప్పుడు ఆ మాట చదివినవాళ్లు దిక్కునే ఊహించుకుంటారు. వర్చువల్ మెషీన్ హైపర్‌వైజర్ మీద నడుస్తుంది, హైపర్‌వైజర్ మెషీన్‌లో ఉంటుంది. ఈ రెంటితో వ్యాసమంతా నడపండి, ‘కింద’ను వదిలేయండి.

‘అందులో’, ‘దాని’ అనే సర్వనామాలు కూడా ఇక్కడ మోసం చేస్తాయి. మూడు పొరలున్నప్పుడు ‘అందులో’ అంటే దేనిలో? ఈ రంగంలోవాళ్లు హార్డ్‌వేర్ మీది హైపర్‌వైజర్‌ను ఎల్‌0 అని, వర్చువల్ మెషీన్‌లో ఉన్నదాన్ని ఎల్‌1 అని, దాని మీద నడిచే మెషీన్‌ను ఎల్‌2 అని పిలుస్తారు. ఆ పేర్లే వాడండి. ‘మొదటి పొర’ అని మాత్రం రాయకండి, మొదటిదంటే సున్నానా ఒకటా అన్న అనుమానం వస్తుంది.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ‘చేయబడిన’లో ఉంది. ఎనేబుల్ చేసింది ఎవరు, ఎక్కడ? ఈ సెట్టింగ్ వర్చువల్ మెషీన్‌లో ఉండదు. ల్యాప్‌టాప్‌లోని కేవీఎం మాడ్యూల్‌లో ఉంటుంది. పైగా 2018 డిసెంబరులో వచ్చిన లినక్స్ 4.20 నుంచి ఇంటెల్ ప్రాసెసర్లకు కూడా అది ముందే ఆన్ అయి ఉంటుంది. మీరు ఆన్ చేశారా, ఆన్ అయి ఉందా? ‘చేయబడిన’ ఈ తేడాను మింగేసింది. చేయు, అవు అనే జంట మనకు ఉండగా ‘బడు’తో పనేముంది? బూట్ చేశాం, బూట్ అయింది. ఇన్‌స్టాల్ చేశాం, ఇన్‌స్టాల్ అయింది. ఎంత కొత్త ఇంగ్లిష్ మాట వచ్చినా ఈ రెండు క్రియలు దాన్ని తెలుగు వాక్యంలో కూర్చోబెడతాయి. రిపోర్టు అనగానే ‘చేయబడినది’ అని రాయడం మన కాలేజీల్లో పాతుకుపోయింది. అది గంభీరంగా ఉంటుందనుకోవడం నాకు బాధ కలిగించే విషయం. 2021–22 నుంచి తెలుగులోనూ ఇంజినీరింగ్ చదివే వీలు అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) కల్పించింది. ఆ పిల్లల పాఠాలు ఇలాంటి వాక్యాలతో నిండితే వాళ్లు మళ్లీ ఇంగ్లిష్ పుస్తకమే తెరుస్తారు.

మీ వాక్యాలను ఇలా మార్చవచ్చు: ‘ల్యాప్‌టాప్‌లోని కేవీఎంలో నెస్టెడ్ వర్చువలైజేషన్ ఆన్ అయి ఉందో లేదో ముందు చూసుకున్నాం. తర్వాత ఒక వర్చువల్ మెషీన్‌ను బూట్ చేసి, దాని ప్రాసెసర్ వివరాల్లో వీఎంఎక్స్ అనే గుర్తు కనిపించాక, ఆ మెషీన్‌లో ఓపెన్‌స్టాక్ ఇన్‌స్టాల్ చేశాం. ఓపెన్‌స్టాక్‌తో ఎల్‌2 మెషీన్‌ను పుట్టించాం.’ వీఎంఎక్స్ అంటే వర్చువలైజేషన్‌కు ప్రాసెసర్ సాయం ఉందని చెప్పే ఇంటెల్ గుర్తు. మీది ఏఎండీ ప్రాసెసర్ అయితే వీఎంఎక్స్ బదులు ఎస్వీఎం అని రాయాలి. ఆ గుర్తు కనిపించకపోతే ఎల్‌2 మెషీన్లను సాఫ్ట్‌వేర్ ఎమ్యులేషన్‌తో, అంటే ప్రాసెసర్ పనిని సాఫ్ట్‌వేర్‌తోనే అనుకరిస్తూ, నెట్టుకురావాల్సి వస్తుంది, అవి బాగా నెమ్మదిస్తాయి. మీకు ఆ అనుభవం ఎదురైతే తప్పకుండా రాయండి, తర్వాతి బ్యాచ్‌కి పనికొస్తుంది.

శీర్షికకు ‘ఒక్క ల్యాప్‌టాప్‌లో సొంత క్లౌడ్’ సరిపోతుంది. నెస్టెడ్ వర్చువలైజేషన్ అన్నది ఉపశీర్షికలో పెట్టండి.

చివరిగా, ‘అతిథేయి’ తప్పు. మొదటి అక్షరానికి దీర్ఘం ఉండాలి, ఆతిథేయి. క్రీడల పేజీలో ఆతిథేయ జట్టు అని చూస్తూనే ఉంటారు. అయితే మీ వ్యాసంలో ఎల్‌1 ఉన్న మెషీన్ ల్యాప్‌టాప్‌కు అతిథి, ఎల్‌2కు ఆతిథేయి. ఒకే మెషీన్‌కు రెండు పేర్లూ పడతాయి కాబట్టి, ఈ జంటను ల్యాప్‌టాప్‌కూ దాని మీద నేరుగా నడిచే మెషీన్లకూ పరిమితం చేసి, పై పొరల దగ్గర అంకెలతోనే రాయండి.