‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని చీటీ మీద ఉంటే డబ్బు పోయినట్టేనా?

ప్రశ్న: మా అబ్బాయి ఏడో తరగతి. స్కూలు బ్యాండ్‌లో చేరాడని విజయవాడలో ఒక షాపులో ట్రంపెట్ కొన్నాం. కొత్తదేనని చెప్పి రూ.11,800 తీసుకున్నారు. డబ్బు ఫోన్‌లోనే పంపాను. బిల్లు అడిగితే చిన్న చీటీ ఇచ్చారు. దాని కింద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని అచ్చేసి ఉంది. వారం తిరక్కుండానే మధ్య వాల్వ్ నొక్కితే పైకి రావడం మానేసింది. బ్యాండ్ మాస్టారు చూసి, గంట (ట్రంపెట్ చివర వెడల్పాటి నోరు) దగ్గర మెరుగు కింద టంకం వేసిన మచ్చ చూపించి, ‘ఇది పాతదమ్మా’ అన్నారు. షాపాయనేమో ‘మీవాడే కింద పడేసుంటాడు’ అంటున్నాడు. కొని 22 రోజులైంది. డబ్బు వెనక్కి వస్తుందా? ఈసారి కొనేటప్పుడు ఏ షాపును నమ్మాలి?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: అమ్మా, ఆ అచ్చు వాక్యం చూసి భయపడకండి. పిల్లాడికి మోజు తీరిపోయిందనో, ట్రంపెట్ బదులు డ్రమ్ కావాలన్నాడనో మీరు వెళ్లి ఉంటే షాపాయన మాటే నెగ్గేది. మీది అది కాదు. సరుకులో లోపం ఉంది, పైగా పాతదాన్ని కొత్తదని అమ్మారన్న అనుమానం ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) ప్రకారం వాడిన సరుకును, బాగుచేసిన సరుకును కొత్తదిగా చూపి అమ్మడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకుని డబ్బివ్వడానికి నిరాకరించడం కూడా ఆ జాబితాలోనే ఉంది. మీకు ఇంకా ఎనిమిది రోజులున్నాయి కాబట్టి ఈ వారమే కదలండి. 30 దాటితే కేసే ఉండదని కాదు, ఫిర్యాదుకు రెండేళ్ల వరకు టైముంది. కానీ ముందుగా రాతపూర్వకంగా అడిగినవాళ్ల మాటకు బలం ఎక్కువ.

ఇంకో సంగతి. ‘ఏడో తరగతి పిల్లాడు, స్కూలు బ్యాండ్‌లో వాయించడానికి’ అని షాపులో చెప్పే ఉంటారు కదా? ఏ పనికో చెప్పి, అమ్మేవాడి అనుభవాన్ని నమ్మి కొన్నప్పుడు ఆ సరుకు ఆ పనికి పనికిరావాలన్నది 1930 నాటి సరుకుల విక్రయ చట్టంలోనే ఉంది. సెక్షన్ 16 చూడండి. వాల్వ్ పైకి రాని ట్రంపెట్ ఏ బ్యాండ్‌కీ పనికిరాదు.

అసలు పోట్లాటంతా ‘మీవాడే పడేశాడు’ దగ్గరే వస్తుంది. మీ బలం మాస్టారు. గంట దగ్గర ఏం చూశారో, వాల్వ్ ఎందుకు పట్టేస్తోందో, తేదీతో సంతకంతో ఒక కాగితం రాయించుకోండి. పడేస్తే సొట్ట పడుతుంది గానీ మెరుగు కింద టంకం పుట్టదు. ఈ ఒక్క మాట ఆ కాగితంలో ఉంటే చాలు. వాల్వ్ నొక్కుతూ వీడియో తీయండి, ఫోన్‌లోంచి చెరిపేయొద్దు. చీటీ మీద వివరాలు లేకపోయినా మీరు పంపిన డబ్బు లెక్క యూపీఐలో తేదీతో సహా ఉంది. అదే సాక్ష్యం. రిపేరు మాత్రం బయట ఎక్కడా చేయించకండి. చేయించారో, ‘వాళ్లే విప్పి పాడుచేశారు’ అనే కొత్త పాట మొదలవుతుంది.

ముందు మాస్టారిని తీసుకుని షాపుకెళ్లండి. నిజం చెప్పాలంటే ఇలాంటివి సగం అక్కడే తేలిపోతాయి. తేలకపోతే 15 రోజుల గడువిచ్చి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. అప్పటికీ దిగిరాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. షాపు విజయవాడలో ఉన్నా మీరు ఉండేది ఏలూరు కాబట్టి అక్కడే వేయవచ్చు. వస్తువు విలువ 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్లో ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. లాయర్ తప్పనిసరి కాదు, మీ కేసు మీరే చెప్పుకోవచ్చు. ఈ మాట చెప్తే మా లాయర్లలో కొందరికి నచ్చదనుకోండి.

ఇక ఏ షాపును నమ్మాలన్నది. పేరు నేను చెప్పను, చెప్పకూడదు. ఎన్నేళ్లుగా ఉంది, ఎంత పెద్దది అన్నవి నేనైతే చూడను. నోటితో చెప్పినదాన్ని బిల్లు మీద రాస్తాడా లేదా, అంతే చూస్తాను. ‘కొత్త ట్రంపెట్, ఫలానా కంపెనీ, సీరియల్ నంబరు ఇది, ఆరు నెలల వారంటీ’ అని రాయమనండి. రాయడానికి వెనకాడితే బయటికి వచ్చేయండి. జీఎస్టీ నంబరు ఉంటే జీఎస్టీ పోర్టల్లో కొట్టి చూడండి, షాపు పేరు కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో నమోదైతే 37తో, తెలంగాణలో అయితే 36తో మొదలవుతుంది. చిన్న షాపుకి ఆ నంబరు ఉండకపోవచ్చు, అదేం నేరం కాదు. నంబరు లేకపోయినా బిల్లు ఇవ్వాల్సిందే. మాస్టారు అక్కడే వాయించి చూస్తానంటే ఒప్పుకోవాలి. నోటికి ఆనించే మౌత్‌పీస్‌ను వాడాక వెనక్కి తీసుకోనంటే మాత్రం దాంట్లో న్యాయముంది, గొడవ పడకండి. మాస్టారు తన సొంత మౌత్‌పీస్ తెచ్చుకుని వాయిస్తే సరి.

షాపాయన ‘ఇవ్వండి, బాగుచేసి పెడతాను’ అని ట్రంపెట్ చేతిలోకి తీసుకుంటే, సీరియల్ నంబరు, తేదీ, ఇచ్చిన కారణం రాసి సంతకం పెట్టిన కాగితం లేకుండా ఆ షాపు మెట్లు దిగకండి.