శాడిల్ పీక్ మీద నువ్వు చూసిందేమిటి?

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. ఉత్తర అండమాన్‌లోని దిగ్లీపూర్‌లో మీ మేనమామ ఇంట్లో ఉండి, శాడిల్ పీక్ ఎక్కి వచ్చి రాశావంటే చాలా సంతోషమేసింది, ఎందుకంటే వైజాగ్‌లో ఓడెక్కి అండమాన్‌కి బతకడానికి పోయిన మనవాళ్లు ఎందరో ఉన్నా ఆ కొండ గురించి తెలుగులో నేను చదివింది లేదు.

కానీ నీ హీరో శిఖరం మీద నిలబడి, నాలుగు దిక్కులా సముద్రం చూసి ఏడుస్తాడే, అక్కడ ఆగిపోయాను. పైన మబ్బు కమ్మేసి పది అడుగుల దూరం కూడా కనబడలేదని ఫోన్లో నువ్వే చెప్పావు కదా! 732 మీటర్లు, అండమాన్ నికోబార్ దీవులన్నిట్లోకీ ఎత్తు, కాబట్టి అంత కష్టపడి ఎక్కినందుకు గొప్ప దృశ్యం ఉండాలని సముద్రాన్ని తెచ్చి పెట్టేశావు. వద్దు. నీ వయసులో నేనూ చూడని సూర్యోదయం ఒకటి రాశాను, ఆ ఊరి పాఠకుడొకాయన "మా ఊళ్లో పొద్దు అటు పొడవదండీ" అని కార్డు రాశాడు, అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

నీకు దొరికింది ఆ మబ్బే. సముద్రం మీది తేమగాలి కొండకి తగిలి, పైకి లేచి చల్లబడితే అక్కడ మబ్బు, వాన. కల్పాంగ్ నది పుట్టేది ఆ కొండ మీదే, ఏరియల్ బే దగ్గర సముద్రంలో కలిసేలోపు దాని నీళ్లతో కరెంటు కూడా తీస్తున్నారు. మామయ్య ఇంట్లో లైటు కింద కూర్చుని రాశానన్నావు, నదిని మాత్రం తలవనేలేదు.

కొండదారి మొదలయ్యే లామియా బే గేటు, ఒడ్డు వెంట నడక, టిఫిన్ పొట్లాలు రెండు పేజీలు నడిచాయి, పైన అడవి మాత్రం "పచ్చని తివాచీ" అన్న ఒక్క ముక్కతో అయిపోయింది. దాన్ని తిరగెయ్. కింద గర్జన్ చెట్లకి మొదటి కొమ్మ చూడాలంటే మెడ నొప్పెడుతుంది, పడౌక్ చెట్టు మొదట్లో వేర్లు పలకల్లా లేచి ఉంటాయి, పైకి పోయేకొద్దీ గాలికి చెట్లు పొట్టివైపోతాయి. ఒక మానుకి చెయ్యి ఆనిస్తే నాచులోంచి నీళ్లు మోచేతి దాకా కారాయని చెప్పావే, ఆ మాట కథలో ఎందుకు లేదు? నాకు ఆ కొండ కనబడింది ఆ ఒక్క మాటలోనే.

మీతో వచ్చిన గైడుని మామయ్య ద్వారా పట్టుకుని ఆ చెట్టు పేరేంటో అడుగు. తెలిశాక చివరి రెండు పేజీలు మళ్లీ రాసి పంపు, తొందరేం లేదు.

మీ అన్నయ్య