అమ్మానాన్నల్ని సెంట్రల్ పార్కుకి తీసుకెళ్ళేటప్పుడు

చిన్నీ,

ఏప్రిల్ చివరి శనివారం అమ్మానాన్నలకి న్యూయార్క్‌లోని సెంట్రల్ పార్కు చూపిస్తానన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. రోజైతే బాగా ఎంచుకున్నావు. కానీ అందరిలా 59వ వీధి దగ్గర లోపలికి దిగి, గుర్రబ్బళ్ళ మధ్య నడిచి, నాలుగు ఫోటోలు తీసుకుని నీరసంగా వెనక్కి రాకండి. అది 843 ఎకరాల పార్కు, ఈ కొస నుంచి ఆ కొసకి నాలుగు కిలోమీటర్లు. అంతా చూసేద్దామనుకుంటే ఏదీ చూసినట్టుండదు. నా మాట విని ఉత్తరం వైపు మొదలుపెట్టి కిందికి రండి. రెండు చోట్ల మాత్రం తీరిగ్గా కూర్చోండి.

సబ్‌వే మెట్లు మీ అమ్మ మోకాళ్ళకి పడవు. పెన్ స్టేషన్‌లో రైలు దిగగానే టాక్సీ పిలిచి ఫిఫ్త్ ఎవెన్యూ, 105వ వీధి అని చెప్పు. ఆ డబ్బుకి వెనకాడకు, పార్కులో ఎలాగూ టిక్కెట్టు లేదు. అక్కడ కనిపించే పెద్ద ఇనుప గేటు 1894లో పారిస్‌లో చేసినది. ఒకప్పుడు వాండర్‌బిల్ట్ అనే గొప్ప ధనవంతుల కుటుంబం భవంతికి ఉండేది. ఆ గేటు దాటితే కన్సర్వేటరీ గార్డెన్. ఆరెకరాలే, కానీ పార్కు మొత్తంలో నాకు ప్రాణం ఆ చోటే. సైకిళ్ళు రానివ్వరు, పరుగులు పెట్టనివ్వరు, కాబట్టి పెద్దవాళ్ళని బెంచీ మీద కూర్చోబెట్టి నువ్వు నిశ్చింతగా తిరగొచ్చు.

ఎదురుగా పచ్చిక, దానికి రెండు పక్కలా క్రాబ్ ఆపిల్ చెట్ల వరసలు. ఆ రోజులకి తెలుపూ గులాబీ పూలతో నిండి ఉంటాయి. ముందు కుడివైపు వెళ్ళండి. తులిప్‌ల మధ్య ఫౌంటెన్ చుట్టూ ముగ్గురు కంచు అమ్మాయిలు చేతులు పట్టుకుని ఆడుతుంటారు. వాల్టర్ షాట్ అనే జర్మన్ శిల్పి చేశాడు. ఒక్క వైపు నుంచి చూసి వచ్చేయకండి, చుట్టూ తిరగాలి. తడిసిన బట్ట ఒంటికి అంటుకున్న తీరు, ఆ నవ్వులు, ప్రతి అడుగుకీ వేరేగా కనిపిస్తాయి. ఎడమవైపు తోటలో చిన్న కొలను పక్కన వేణువూదే అబ్బాయీ, గిన్నె పట్టుకున్న అమ్మాయీ ఉంటారు. ఆ గిన్నెలో పిట్టలు వాలితే మీ అమ్మని ఇక కదిలించలేవు. బయల్దేరే ముందు తోటలోనే టాయిలెట్‌కి వెళ్ళిరమ్మను.

అక్కణ్ణుంచి నడవద్దు. ఫిఫ్త్ ఎవెన్యూ మీద బస్సులన్నీ కిందికే వెళతాయి. 72వ వీధి దగ్గర దిగండి. బాబు కోసం కాసేపు ‘ఆలిస్ ఇన్ వండర్‌లాండ్’ కథలోని ఆలిస్ విగ్రహం దగ్గర ఆగు. 1959 నుంచీ పిల్లలు ఎక్కి జారి ఆ కంచు నున్నగా మెరుస్తుంటుంది. ఎక్కితే ఎవరూ ఏమీ అనరు.

తర్వాత బెథెస్డా టెర్రస్, అంటే మెట్ల కింద పెద్ద ఫౌంటెన్ ఉన్న ఆవరణ. మీ నాన్న ఉద్యోగమంతా మునిసిపాలిటీ మంచినీళ్ళ విభాగంలోనే చేశారు కదా, ఇది ఆయన కోసమే. ఫౌంటెన్ మీది దేవత ఒక చేత్తో లిల్లీ పువ్వు పట్టుకుని, రెండో చేత్తో నీళ్ళని దీవిస్తుంటుంది. 1842లో క్రోటన్ నది నీళ్ళు పంపులేమీ లేకుండా, వాలు మీదే, 66 కిలోమీటర్లు పారి ఈ ఊరికి చేరాయి. అంతకు ముందు జనం కలరాతో పోయేవారు. ఆ మంచినీళ్ళకి గుర్తుగా పెట్టిన విగ్రహమది. 1873లో ఆవిష్కరించారు. చేసినది ఎమ్మా స్టెబిన్స్. న్యూయార్క్ నగరం అంత పెద్ద శిల్పం పని ఒక స్త్రీకి అప్పగించడం అదే మొదటిసారి. ఈ సంగతంతా ఆయన్ని విగ్రహం ముందు కూర్చోబెట్టి చెప్పు, ముందే ఇంట్లో చెప్పేయకు.

మెట్లు దిగేటప్పుడు తొందరపెట్టకు. చూడవలసినవి ఆ మెట్ల పక్కనే ఉన్నాయి. రాతిలో పళ్ళూ, పూలూ, పిట్టలూ, ఒక్కో వైపు ఒక్కో రుతువు. పైన స్తంభాల మీద ఒక చోట ఉదయించే సూర్యుడూ కోడిపుంజూ, ఇంకో చోట గుడ్లగూబా గబ్బిలమూ, చీపురెక్కి ఎగిరే మంత్రగత్తె కూడా. బాబుని వెతకమను. కింద మంటపంలో తలెత్తితే కప్పు నిండా 15,000కు పైగా రంగుల పలకలు.

ఓపికుంటే ఎల్మ్ చెట్ల కింద, మాల్ అని పిలిచే వెడల్పాటి నడకదారి వెంబడి నడవండి. అక్కడ రచయితల విగ్రహాలు చాలా ఉన్నాయి, వాటిని చూడకపోయినా ఫరవాలేదు. ముగ్గురు ఆడవాళ్ళు బల్ల చుట్టూ మాట్లాడుకుంటున్న విగ్రహం మాత్రం వదలకండి. సోజర్నర్ ట్రూత్, సూసన్ ఆంథొనీ, ఎలిజబెత్ స్టాంటన్, ముగ్గురూ ఆడవాళ్ళ హక్కుల కోసం పోరాడినవాళ్ళు. 2020 దాకా ఈ పార్కులో నిజంగా బతికిన ఒక్క స్త్రీకీ విగ్రహం లేదంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

దారి తప్పితే దీపస్తంభం మీద నంబరు చూడు. నాలుగంకెల్లో మొదటి రెండూ దగ్గరి వీధి. చివరిది సరి సంఖ్యయితే తూర్పు వైపున్నట్టు, బేసి అయితే పడమర.

రిక్షావాళ్ళు నిమిషానికింతని తీసుకుంటారు. ఎక్కాలనుకుంటే మొత్తం ఎంతవుతుందో ముందే తేల్చుకో. గాలి చల్లగా ఉంటుంది, అమ్మకి శాలువా, నాన్నకి స్వెట్టరూ మర్చిపోకు. వాన పడేలా ఉంటే ఆదివారానికి మార్చుకోండి, నేనూ వస్తాను.

మీ పెద్దమ్మ