ఆ డబ్బు ఎవరి మాట మీద కదులుతుంది?

పర్యావరణం కోసం దేశాలన్నీ కలిసి పెట్టుకున్న నిధుల గురించి పోయిన సంచికలో నాలుగు మాటలు రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో ఐదింటికి ఈసారి జవాబు చెబుతున్నాను. ఇలాంటి నిధులకు వెళ్లే ప్రాజెక్టు ప్రతిపాదనల్లో ఒక భాగం రాయడమే ఇరవై ఏళ్లుగా నా పని. ఆ ప్రాజెక్టు వల్ల అక్కడి మనుషులకు, నేలకు, నీళ్లకు ఏ నష్టం రావచ్చు, రాకుండా ఏం చేయాలి అనేది ఆ భాగం. కాబట్టి నా జవాబుల్లో ఆ వైపు మొగ్గు కాస్త ఎక్కువే కనిపిస్తుంది.

ప్రశ్న: మేడమ్, మేము పన్నెండు మంది మహిళలం. సముద్రం ఒడ్డున మడ మొక్కలు పెంచుతున్నాం. గ్రీన్ క్లైమేట్ ఫండ్‌కి మేమే నేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చా?

జవాబు: పెట్టుకోలేరండి. ముందే తెలిస్తే మీ ఆర్నెల్లు మిగులుతాయి కాబట్టి సూటిగా చెబుతున్నాను. వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి వర్ధమాన దేశాలకు సాయం చేసే ఆ ఫండ్‌ను అందరూ జీసీఎఫ్ అంటారు. 2010లో మెక్సికోలోని కాన్‌కూన్‌లో జరిగిన వాతావరణ సదస్సులో దాన్ని పెట్టాలని నిర్ణయించారు, ఆఫీసు దక్షిణ కొరియాలోని సాంగ్‌డోలో ఉంది. అది ఊరి సంఘానికి నేరుగా డబ్బు ఇవ్వదు. ముందుగా పరీక్షించి గుర్తింపు ఇచ్చిన సంస్థలు కొన్ని ఉంటాయి, అక్రెడిటెడ్ ఎంటిటీలు అంటారు. ప్రతిపాదన వాటి ద్వారానే వెళ్లాలి. దాంతోపాటు ప్రతి దేశ ప్రభుత్వం ఇందుకోసం ఒక ఆఫీసును నియమిస్తుంది. ఈ ప్రాజెక్టు మీద మాకు అభ్యంతరం లేదని ఆ ఆఫీసు రాసిచ్చిన ఉత్తరం జత కాకపోతే ఫైలు బోర్డు దాకా పోదు.

ఆ ఒక్క కాగితం ఎంత పని చేస్తుందో నేను కళ్లారా చూశాను. ఒక ప్రతిపాదన మొత్తం సిద్ధమయ్యాక, వచ్చిన ఉత్తరంలో ప్రాజెక్టు పేరు ఒక మాట తేడాగా ఉంది. మా దాంట్లో ‘తీర గ్రామాల’ అని, ఉత్తరంలో ‘తీర ప్రాంత’ అని. సంతకం చేసిన అధికారి అప్పటికే బదిలీ అయిపోయారు. కొత్తాయన ఫైలు మొదటినుంచీ చదువుతానన్నారు, అది ఆయన బాధ్యతే. బోర్డు ఏడాదికి మూడు నాలుగు సార్లే కూర్చుంటుంది. ఆ విడత తప్పిపోయి నాలుగు నెలలు వెనక్కి పోయాం. ఈలోగా ఒక తుపాను కాలం గడిచిపోయింది. ఆ టెన్షన్ నాకు ఇంకా గుర్తుంది.

మీలాంటి వాళ్లకు సరిపోయే దారి వేరే ఉంది. గ్లోబల్ ఎన్విరాన్‌మెంట్ ఫెసిలిటీ అని 1991లో ప్రపంచ బ్యాంకులో ప్రయోగంగా మొదలై, 1994లో మార్పులు చేసుకుని విడి సంస్థగా నిలబడిన నిధి ఒకటి ఉంది. జీఈఎఫ్ అంటారు. దాని కింద 1992 నుంచి స్మాల్ గ్రాంట్స్ ప్రోగ్రామ్ నడుస్తోంది. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంటే యూఎన్‌డీపీ, దాన్ని నడుపుతూ వచ్చింది. ఊరి సంఘాలకు నేరుగా ఇచ్చే చిన్న మొత్తాలు అవి. చాలాకాలం 50,000 డాలర్లే గరిష్ఠం. ఎవరికి ఇవ్వాలో తేల్చేది వాషింగ్టన్‌లోని జీఈఎఫ్ ఆఫీసు కాదు, ఆయా దేశంలోని కమిటీ. అందులో ప్రభుత్వం బయటివాళ్లే ఎక్కువ మంది ఉండాలని నియమం. మీ దేశంలో ఆ కార్యక్రమం నడుస్తోందా, దరఖాస్తులు ఎప్పుడు తీసుకుంటున్నారు అని యూఎన్‌డీపీ ఆఫీసులో అడగండి.

ప్రశ్న: ఎక్కువ డబ్బు ఇచ్చిన దేశం మాటే చెల్లుతుందా? ఓట్లు ఎలా ఉంటాయి? నేను పీజీ విద్యార్థిని.

జవాబు: ఒక్కో నిధిలో ఒక్కోలా ఉంటుందమ్మా. ఆ తేడాల వెనక ముప్పై ఏళ్ల బేరసారాలున్నాయి. డబ్బు ఏ దారిన వస్తుందో చూస్తే కుర్చీలు ఎలా పంచారో సగం అర్థమవుతుంది.

అన్నింటికంటే పాతదాన్నుంచి మొదలుపెడదాం. ఓజోన్ పొరను కాపాడే మాంట్రియల్ ప్రోటోకాల్ కింద 1990లో లండన్‌లో మల్టీలేటరల్ ఫండ్‌కు ఒప్పుకున్నారు. దాని కార్యనిర్వాహక కమిటీలో పద్నాలుగు మంది: సంపన్న దేశాల నుంచి ఏడుగురు, వర్ధమాన దేశాల నుంచి ఏడుగురు. ఓటింగ్ దాకా వస్తే మూడింట రెండొంతుల మెజారిటీ కావాలి, అందులో రెండు వర్గాల్లోనూ విడివిడిగా మెజారిటీ ఉండాలి. ఎవరెంత ఇవ్వాలో ఐక్యరాజ్యసమితి చందాల లెక్క ప్రకారం తేలుస్తారు. మనసైతే ఇచ్చే విరాళం కాదది, కట్టాల్సిన చందా. నాకు అన్నింటికంటే గౌరవం ఉన్న ఏర్పాటు ఇదే.

జీఈఎఫ్ కౌన్సిల్‌లో ముప్పై రెండు స్థానాలు. పదహారు వర్ధమాన దేశాలవి, పద్నాలుగు సంపన్న దేశాలవి, రెండు తూర్పు ఐరోపా, పాత సోవియట్ దేశాలవి. లెక్క చూస్తే పేద దేశాలదే పైచేయి అనిపిస్తుంది. కానీ ఏకాభిప్రాయం కుదరక ఓటు దాకా పోతే, సభ్యదేశాల్లో 60 శాతంతో పాటు మొత్తం విరాళాల్లో 60 శాతం ఇచ్చిన దేశాలు కూడా ఒప్పుకోవాలి. అంటే డబ్బు పెట్టినవాళ్లను కాదని ఏ నిర్ణయమూ జరగదు.

మారుతున్న వాతావరణాన్ని తట్టుకోవడానికి సాయం చేసే అడాప్టేషన్ ఫండ్ కథ దీనికి పూర్తిగా వేరు. కార్బన్ క్రెడిట్ల, అంటే కాలుష్య వాయువులు తగ్గించినందుకు దొరికే, అమ్ముకోగల పత్రాల వ్యాపారంలో పుట్టిన ప్రతి వంద క్రెడిట్లలో రెండు దానికి చేరాలని క్యోటో ఒప్పందం కింద ఏర్పాటు చేశారు. డబ్బు ఏ ఒక్క దేశం జేబులోంచీ రావడం లేదు కదా, అందుకే పదహారు మంది బోర్డులో వర్ధమాన దేశాలవాళ్లే ఎక్కువ. ఒక దేశంలోని సంస్థ మధ్యవర్తి లేకుండా సొంతంగా డబ్బు తీసుకునే దారి కూడా ముందు అక్కడే తెరుచుకుంది. 2010లో సెనెగల్ సంస్థ ఒకటి అలా మొదటి ప్రాజెక్టు తెచ్చుకుంది. సుమారు 86 లక్షల డాలర్లు. రుఫిస్క్, సాలీ, జోఅల్ అనే మూడు చోట్ల తీరం కోతను ఆపడానికి. జోఅల్‌లో ఉప్పునీళ్లు వరి పొలాల్లోకి రాకుండా కట్ట కట్టారు. ఆ తర్వాత కార్బన్ క్రెడిట్ల ధర కుప్పకూలింది, ఆ ఆదాయమూ ఎండిపోయింది. ఇప్పుడు ఆ నిధి కూడా ఎక్కువగా విరాళాల మీదే బతుకుతోంది.

ఇక జీసీఎఫ్. బోర్డులో ఇరవై నలుగురు, పన్నెండు మంది సంపన్న దేశాల నుంచి, పన్నెండు మంది వర్ధమాన దేశాల నుంచి. ఏ నిర్ణయమైనా ఏకాభిప్రాయంతోనే జరగాలి. కుదరకపోతే ఏం చేయాలో చాలా ఏళ్లు రాసుకోలేదు. దాని ఫలితం 2018 జులైలో సాంగ్‌డోలో బయటపడింది. ఎజెండా మీద తగువే దాదాపు రెండు రోజులు నడిచింది. ఒక్క ప్రాజెక్టూ ఆమోదం కాలేదు. ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ హోవర్డ్ బామ్సీ పదవి వదిలేశారు. అక్టోబరులో బహ్రెయిన్‌లో మళ్లీ కూర్చున్నప్పుడు పందొమ్మిది ప్రాజెక్టులకు, 100 కోట్ల డాలర్లకు పైగా మంజూరు చేశారు. ఆ చేదు అనుభవం తర్వాత 2019 జులైలో ఓటింగ్ నియమం వచ్చింది. హాజరై ఓటేసినవాళ్లలో 80 శాతం ఒప్పుకోవాలి. ఏ ఒక్క వర్గం నుంచైనా నలుగురు, అంతకంటే ఎక్కువ మంది వద్దంటే నిర్ణయం ఆగిపోతుంది. మీరు పరిశోధన చేస్తున్నట్లయితే ఆ జులై సమావేశం, ఈ జులై నియమం పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఒక్క వాక్యం రాసుకోకపోవడం వల్ల ఎంతమంది ఎదురుచూడాల్సి వచ్చిందో తెలుస్తుంది.

వాతావరణ మార్పు వల్ల ఇప్పటికే జరుగుతున్న నష్టాల కోసం 2022లో ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్‌లో ఒప్పుకున్న లాస్ అండ్ డ్యామేజ్ నిధి బోర్డులో ఇరవై ఆరుగురున్నారు. పద్నాలుగు మంది వర్ధమాన దేశాలవాళ్లు.

ప్రశ్న: ఈ నిధుల డబ్బంతా ప్రపంచ బ్యాంకు చేతిలోనే ఉందట కదా. మరి బోర్డులు ఎందుకు?

జవాబు: డబ్బు దాచేవాళ్లు వేరు, ఖర్చు తేల్చేవాళ్లు వేరు. జీఈఎఫ్‌కు, జీసీఎఫ్‌కు, అడాప్టేషన్ ఫండ్‌కు ప్రపంచ బ్యాంకు ట్రస్టీ. దేశాలిచ్చే డబ్బు తీసుకుని భద్రపరుస్తుంది, బోర్డు చెప్పినప్పుడు చెప్పినచోటికి పంపుతుంది. తన ఇష్టానికి ఇవ్వడం, ఆపడం ఆ హోదాలో కుదరదు. లాస్ అండ్ డ్యామేజ్ నిధి విషయంలో మాత్రం బ్యాంకు పాత్ర ఇంకొంచెం పెద్దది, నాలుగేళ్ల పాటు తాత్కాలికంగా సచివాలయానికి కూడా చోటిచ్చింది. దాని మీద పేద దేశాలు గట్టిగా పోట్లాడి షరతులు పెట్టించాయి. ఆ పోట్లాట న్యాయమైనదే.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇచ్చిన మాట. 2014లో అమెరికా జీసీఎఫ్‌కు 300 కోట్ల డాలర్లు ఇస్తానంది. 2017 జనవరి నాటికి 100 కోట్లు అందాయి. ఆ జూన్‌లో చెల్లింపులు ఆపేస్తున్నామని ప్రకటించింది. మళ్లీ 100 కోట్లు వచ్చేసరికి 2023 అయింది. ఇలా మాట తప్పితే ఓజోన్ నిధిలోలా బకాయి అని గట్టిగా అడగడానికి జీసీఎఫ్‌లో నియమం లేదు.

ప్రశ్న: ఇలాంటి నిధితో వచ్చిన ప్రాజెక్టు వల్ల మా భూములు పోయేలా ఉన్నాయి. చదువుకున్నవాళ్లం కాదు, లాయర్ లేడు. ఎవరికి చెప్పుకోవాలి? మా పేర్లు బయటికి వస్తే ఇబ్బంది.

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందుగా ఆ డబ్బు ఏ నిధిదో తెలుసుకోండి. ప్రాజెక్టు బోర్డు మీదో, కరపత్రం మీదో గుర్తు ఉంటుంది, ఫొటో తీసి పెట్టుకోండి. జీసీఎఫ్‌ది అయితే అందులో ఫిర్యాదులు వినే ఇండిపెండెంట్ రిడ్రెస్ మెకానిజం అనే విభాగం ఉంది. అది సచివాలయం కింద పనిచేయదు, నేరుగా బోర్డుకే జవాబుదారీ. లాయర్ అక్కర్లేదు. మీ భాషలోనే రాయొచ్చు, తర్జుమా వాళ్లే చేయించుకుంటారు. పేర్లు గోప్యంగా ఉంచమని మొదటి వాక్యంలోనే అడగండి. నష్టం సంగతి మీకు తెలిసిన నాటి నుంచి రెండేళ్లు, లేదా ప్రాజెక్టు ముగిసిన నాటి నుంచి రెండేళ్లు, ఏది ఆలస్యమైతే అప్పటిదాకా గడువు.

వాళ్లు నిజంగా వింటారా అని మీరు అడగలేదు గానీ, అడగాల్సిన మాటే. నికరాగువాలో బయో క్లైమా అనే అటవీ ప్రాజెక్టుకు 2020లో జీసీఎఫ్ బోర్డు 6.4 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. తమను సరిగా సంప్రదించలేదని, బయటి నుంచి వచ్చి స్థిరపడుతున్నవాళ్ల దాడులు దీంతో ఇంకా పెరుగుతాయని అక్కడి ఆదివాసీ, ఆఫ్రో సంతతి ప్రజలు 2021లో ఫిర్యాదు పెట్టారు. విచారణ చాలాకాలం సాగింది. 2024 మార్చిలో జీసీఎఫ్ ఆ ప్రాజెక్టు నుంచి పూర్తిగా తప్పుకుంది. పర్యావరణ, సామాజిక రక్షణ నియమాలు పాటించలేదన్నదే కారణం. దాదాపు మూడేళ్లు పట్టింది, అది తక్కువ కాదు. కానీ పైన కూర్చున్న ఇరవై నలుగురు ఒప్పుకున్నదాన్ని అడవిలో ఉన్నవాళ్ల ఉత్తరం మార్చింది.

మీరు రాసేటప్పుడు కోపం వద్దని చెప్పను. తేదీలు మాత్రం రాయండి. ఏ రోజు ఎవరు వచ్చి కొలతలు తీశారు, ఏమని చెప్పారు, మీరేమన్నారు. ఆ విభాగానికి కావాల్సింది అదే.

ప్రశ్న: మేడమ్, ఈ పాలసీలు, సేఫ్‌గార్డులు అనే రక్షణ నియమాలు అన్నీ కాగితాల బరువే కదా? డబ్బు త్వరగా ఇస్తే పోలా?

జవాబు: త్వరగా ఇవ్వాలి, అందులో నాకు వేరే మాట లేదు. చిన్న దేశానికి అక్రెడిటేషన్ తెచ్చుకోవడానికే ఏళ్లు పట్టడం అన్యాయం. ఆ నియమాలను కోయాల్సిందే. కానీ ఏ కాగితాన్ని తీసేయాలో చూసి తీయాలి.

ఒకసారి నా బల్ల మీదికి గ్రామసభ హాజరు పట్టీ వచ్చింది. నలభై ఒక్క సంతకాలు. రెండో పేజీకి వచ్చేసరికి ‘ల’ అక్షరం కొమ్ము అన్ని పేర్లలోనూ ఒకేలా వంగి ఉంది. ఒక్క చేతి రాత. పట్టీ వెనక్కి పంపాను. ఆలస్యం చేస్తున్నానని తిట్లు పడ్డాయి. సభ మళ్లీ పెట్టించాం. ఈసారి చేపలు ఎండబెట్టుకునే ఆడవాళ్లు వచ్చారు. నక్షా నేల మీద పరిచి, కట్ట గీత ఎక్కడ పోతోందో కట్టెపుల్లతో చూపించాను. ఒకావిడ ఆ పుల్ల నా చేతిలోంచి తీసుకుని గీతను అరవై అడుగులు లోపలికి జరిపింది. “ఇక్కడైతే మా చేపలు ఎండుతాయి, మీ కట్టా నిలబడుతుంది” అంది. ఇంజనీరు కొలిచి చూసి సరేనన్నారు. ఆ సభ జరిగినట్టు రుజువు కావాలనే నియమం లేకపోతే నేను ఆ పట్టీని తిప్పి పంపగలిగేదాన్ని కాదు.

పెద్ద ప్రమాదం ఉన్న ప్రాజెక్టు అయితే, పర్యావరణ అంచనా నివేదికను బోర్డు నిర్ణయానికి 120 రోజుల ముందే బయటపెట్టాలని జీసీఎఫ్ నియమం. మధ్యస్థ ప్రమాదమైతే 30 రోజులు. అది ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. మీకు దగ్గరలో వచ్చేదేదైనా ఉంటే, సంప్రదింపుల అధ్యాయం ముందు తీయండి. సభ తేదీలు, వచ్చినవాళ్ల సంఖ్య, వాళ్లేమన్నారో రాసిన పట్టిక ఉంటుంది. అందులో మీ ఊరి పేరుండి మీకు ఆ సభ సంగతే తెలియకపోతే, ఆ రోజే రాయండి, గడువు నడుస్తుండగానే.